నా మాల ఎవరు తీసిన్రు

మా ఆయన నన్ను ఒకటే మాట పదే పదే అడుగుతాడు. "నా మాల ఎవరు తీసిన్రే?" అడిగేటప్పుడు ఆయన ఎడమచెయ్యి మెడ మీదికి పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. కాసేపు వేళ్లతో వెతుక్కుని చెయ్యి దించేసుకుంటాడు.

"దవాఖానల తీసిన్రు. స్కానింగు తీసేటప్పుడు మెడల ఏం ఉండద్దన్నరు," అంటాను నేను. ఏడాదిగా ఇదే చెప్తున్నాను. ఆయన తల ఊపుతాడు. మర్నాడో, ఆ మర్నాడో మళ్లీ అడుగుతాడు. ఆయన తలలో కొత్త మాట నిలవదు. చెప్పింది ఎటో జారిపోతుంది.

నేను చెప్పేది అబద్ధం. ఆ మాల ఎవరు తీశారో, ఎవరు తీయించారో సిరిసిల్లలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

ఆయనది సాంచాల పని. బయటివాళ్లు పవర్‌లూమ్ అంటారు, మేం సాంచాలు అంటాం. పద్నాలుగేళ్లప్పుడు కార్ఖానాలో అడుగుపెట్టి, ముప్పై అయిదేళ్లకు పైగా ఆ మోతలోనే బతికాడు. ఒక్కడే ఎనిమిది సాంచాలు చూసుకునేవాడు. పొద్దంతా ఆ చప్పుడులో నిలబడ్డ మనిషికి చెవులు ఏం మిగులుతాయి? మా గల్లీలో మగవాళ్లందరిదీ అదే కథ. ఇంట్లో కూడా అరిచి మాట్లాడాలి, లేదంటే చేతులు తిప్పాలి. మా పెళ్లయిన కొత్తలో, వీళ్లంతా ఎందుకిట్లా కొట్లాడుకుంటున్నారు అనుకునేదాన్ని. కొట్లాట కాదు, చాయ్ తాగుదువు రా అని పిలుచుకోవడమేనని తర్వాత అర్థమైంది.

పని దిగాక కల్లు. అది కూడా గల్లీ మొత్తం కథే. "సాంచాల మోత చెవులల్లకెళ్లి దిగాలంటే ఒక సీస పడాలె," అనేవాడు. ఒకటి రెండయ్యేది, రెండు ఎన్నో అయ్యేవి. దీనికోసం నేను రెండుసార్లు అలిగి కోరుట్లలో మా అమ్మగారింటికి పోయాను, రెండుసార్లూ వచ్చి తీసుకుపోయాడు.

ఇక్కడ నా ముక్కు సంగతి చెప్పాలి. నేను బీడీలు చేస్తాను. పెళ్లికి ముందు కోరుట్లలో చేశాను, పెళ్లయ్యాక సిరిసిల్లలో చేస్తున్నాను. ఊరు మారింది గాని ఒళ్లో చాట మారలేదు. ముప్పై ఏళ్లు తంబాకు పీల్చిన ముక్కు. పొయ్యి మీద పప్పు మాడినా పక్కింటామె వచ్చి చెప్పాల్సిందే. అందుకని ఆయన తాగొచ్చాడో లేదో నేను ఏనాడూ వాసనతో కనిపెట్టలేదు. నడక చూసి చెప్పేసేదాన్ని. కాలు ఈడ్చాడా, మాట ముద్దగా వచ్చిందా, తాగినట్టే. పాతికేళ్లలో ఒక్కసారి కూడా నా లెక్క తప్పలేదు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

పోయినేడు ఎండాకాలం మొదట్లో ఆయన అంజన్న మాల, అంటే ఆంజనేయస్వామి మాల, వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. కాషాయం బట్టలు, చెప్పుల్లేకుండా నడవడం, చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, ఒక పూట భిక్ష. అన్నిటికంటే ముఖ్యం, కల్లు ముట్టకూడదు. దీక్ష అయ్యాక కొండగట్టు పోయి అక్కడ మాల తీయాలి. ఎంతమంది తాగుడు అట్లా మానలేదు? నేనే వెంటపడి వేయించాను. మా గల్లీలో స్వాములు భజన చేసుకునే పీఠంలో గురుస్వామి ఆయన మెడలో మాల వేస్తుంటే ఏడ్చాను. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. భక్తి ఎంతుందో నాకు తెలియదు, రోజూ సాయంత్రం నడక చూసే పని తప్పిందన్న సంబరం మాత్రం చాలా ఉంది.

మాల వేసుకున్నవాళ్లను ఇంట్లోవాళ్లు కూడా స్వామి అనే పిలవాలి. వాళ్లు ఆడవాళ్లను మాతా అనాలి. మొదటి వారం మాకు అదొక ఆట అయిపోయింది. "మాతా, గా చెంబు అందుకోరాదు," అనేవాడు. "స్వామీ, మీకు చేతులు లేవా?" అనేదాన్ని. ఆ తొమ్మిది రోజులు మా కాపురంలో మంచి రోజులు. ఈ మాట ఒట్టేసి చెప్తున్నాను.

తొమ్మిదోనాడు నాడె ఎగిరింది.

సాంచాలో అడ్డపోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మోసుకుపోయే చెక్క ముక్కను నాడె అంటారు. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. కంటికి కనిపించనంత జోరుగా తిరుగుతుంది. ఎప్పుడైనా దారి తప్పితే బయటికి ఎగురుతుంది. ఎగరకుండా అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. ఉండాలి. కాని కమ్మీ ఉంటే తెగిన పోగు అందుకుని ముడివేయడం కష్టం. ఎనిమిది సాంచాలు ఒక్కడే చూసేవాడికి అంత తీరిక ఉండదు. అందుకని అందరూ కమ్మీలు ఊడదీసి గోడకు ఆనించి పెట్టుకుంటారు. మా ఆయన కూడా తన చేతులతో తానే ఊడదీశాడు. ఎవరినో అనడానికి లేదు.

ఆయన వంగి పోగు ముడివేస్తుంటే, వెనక సాంచా నుంచి వచ్చి ఎడమ కణత పైన తగిలింది. కూలబడ్డాడు. నీళ్లు చల్లారు. లేచాడు. బొప్పి కట్టింది, రక్తం రాలేదు. ఇంటికొచ్చి నవ్వుకుంటూ చెప్పాడు: "ఇంకింత కిందికి తాకితే కన్ను పోయేది మాతా. అంజన్న కాపాడిండు." నేను పసుపు, సున్నం కలిపి పట్టువేశాను. గురుస్వామి వచ్చి చూసి, మాల మహిమ అన్నాడు. అందరమూ అదే అన్నాం. దేవుడే కాపాడాక దవాఖానా ఎందుకు?

మూడోనాటికి బొప్పి తగ్గిపోయింది. దానితోపాటు ఆ సంగతే మా మనసుల్లోంచి పోయింది. నిజంగా పోయింది.

తర్వాత వారం తలనొప్పి అన్నాడు. ఎండలు మండిపోతున్నాయి, ఒంటిపూట తిండి, చెప్పుల్లేని కాళ్లు. తలనొప్పి రాకపోతే ఆశ్చర్యపడాలి. తడి తువ్వాల తలకు చుట్టుకుని పనికి పోయాడు. ఇంకొన్నాళ్లకు పిలిస్తే పలకడం మానేశాడు. ఒకటికి నాలుగుసార్లు చెప్తే గాని తిరిగేవాడు కాదు. చెవులు ఇంకా పోయాయి అనుకున్నాను. అరిచాను. అరిచినా అట్లాగే చూస్తుంటే, సాంచాల మనిషికి ఇది మామూలే కదా అని నా పని నేను చేసుకున్నాను. వేరే ఊళ్లో, వేరే పని చేసే మనిషి అయితే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. మా దగ్గర చెవిటితనం జలుబు కింద లెక్క.

ఒకరోజు కార్ఖానాలో ఒక రంగు కండె పెట్టాల్సిన చోట ఇంకో రంగు కండె పెట్టాడు. కండె అంటే నాడెలో పెట్టే నూలు చుట్ట. నేసిన బట్ట నేసినట్టే పాడైంది. సాంచాల ఆసామి అందరి ముందు, "మాల మీద తాగినవా ఏంది?" అన్నాడట. ఆ మాట గల్లీలోకి నాకంటే ముందు వచ్చింది. చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నానా, ఎదురింటామె నా వైపు జాలిగా చూసింది. ఆ జాలి నేను పాతికేళ్లుగా ఎరుగుదును.

ఆ సాయంత్రం గల్లీ మొదట్లో ఆయన కనిపించాడు. నేను నడక చూశాను. కుడికాలు ఈడుస్తున్నాడు.

నాకు ఇంకేం కావాలి?

"తాగినవా?" అన్నాను. స్వామీ అనలేదు.

ఆయన నా నోటి వైపు చూశాడు. "తా... తాగలే," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"మాట చూడు ఎట్లస్తున్నదో. ఇంకా తాగలేనంటవా?"

మాల పట్టుకుని ఒట్టు పెట్టాడు. నా ఒళ్లు మండిపోయింది. తాగింది చాలక దేవుడి మీద అబద్ధపు ఒట్టు కూడానా? నాలుగు రోజులు ఇదే నడిచింది. నేను అడగడం, ఆయన తాగలేదనడం. అంగీ గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకునేవాడు. చెంబు అడగబోయి "గది... గది..." అని చేత్తో చూపించేవాడు. నేను అందించడం కూడా మానేశాను. నాకు కోపం ఉంది, నిజమే. కాని దానికి అడుగున ఉన్నది కోపం కాదు. ఆ తొమ్మిది మంచి రోజులు మళ్లీ రావని తెలిసిపోయింది. అది పడలేకపోయాను.

ఇరవై ఏడోనాడు పీఠంలో భజన జరుగుతుంటే తూలి, దేవుడి ముందు పెట్టిన ప్రసాదం పళ్లెం తన్నేశాడు. స్వాములు గుసగుసలాడారు. ఆడవాళ్లం వెనక నిలబడి ఉన్నాం. నేను ముందుకు పోయాను.

"గురుస్వామీ, ఆ మాల తీసేయున్రి," అన్నాను.

గురుస్వామి పెద్దాయన, నిదానస్తుడు. "తొందరపడకు మాతా. అడుగుదాం, ఏమైందో తెలుసుకుందాం," అన్నాడు.

"నాకు తెల్వదా? పాతికేండ్ల సంది చూస్తున్న. తాగి మాల మీద ఉంటే దేవునికి మైల కాదా? మీరు తీయకుంటే నేనే తెంపుత."

ఇరవై మంది ఉన్నారు అక్కడ. గురుస్వామి మంత్రం చదివి ఆయన మెడలోంచి మాల తీశాడు. ఆయన రెండు చేతులూ మెడ దగ్గర పెట్టుకుని ఆపబోయాడు. ఎడమచెయ్యి వచ్చింది గాని కుడిచెయ్యి సగంలోనే ఆగిపోయింది. నేను అదీ చూశాను. చూసి, తాగినోడి చెయ్యి అనుకున్నాను. "తాగలే," అన్నాడు ఆయన, నాతో కాదు, పీఠంలో దేవుడి పటంతో.

మర్నాడు పొద్దున చందుర్తి మీదుగా పోయే బస్సు ఎక్కి కోరుట్ల వెళ్లిపోయాను.

అయిదు రోజులున్నాను. మా వదిన నన్ను ఏమీ అడగలేదు. ఇంకో చాట తెచ్చి ముందు పెట్టింది. ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి ఎత్తితే, "నేను... గది... తాగ..." అని ఆగిపోయాడు. ఊపిరి వినబడుతోంది. ఈ పొద్దున్నే మొదలుపెట్టాడా అనుకుని కట్ చేశాను. మిగతా రెండుసార్లు ఎత్తలేదు.

అయిదోనాడు మధ్యాహ్నం మళ్లీ ఆయన నంబరు మోగింది. ఈసారి ఆడగొంతు. "అక్కా, ఈ ఫోన్ల 'ఇల్లు' అని నీ నంబరు ఉన్నది. జగిత్యాల బస్టాండు కాడ మీ మనిషి కూసున్నడు. జల్దీ రా."

నన్ను తీసుకుపోవడానికే బయల్దేరాడని అర్థమైంది. రెండుసార్లు వచ్చినట్టే మూడోసారి. కోరుట్ల బస్సు అనుకుని జగిత్యాల బస్సు ఎక్కాడు. కోరుట్ల నుంచి మేడిపల్లి దాటేదాకా నేను ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. బస్టాండులో తాగి పడ్డ మొగుణ్ణి లేపుకొచ్చే ఆడదాన్ని అయ్యాను చివరికి, అని. ఎవరు చూస్తారో, ఏమంటారో అని.

సిమెంటు బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. ఒక కాలికే చెప్పుంది. ప్యాంటు తడిసింది. పక్కన జనం ఒక్క బెంచీ వదిలి దూరంగా కూర్చున్నారు. ఆయన దగ్గర చీపురు పట్టుకుని ఒకామె నిలబడి ఉంది, బస్టాండు ఊడ్చే ఆమె. ఫోన్ చేసింది ఆమెనే.

నేను పోతూనే, "తాగి గిట్ల పడ్డవా?" అన్నాను.

ఆయన కంటే ముందు ఆమె మాట్లాడింది. "అక్కా, తాగలే."

"నీకేం తెలుసు?"

"నాకు తెల్వక ఎవలకు తెలుస్తది? మాది కోనరావుపేట దిక్కు. మా నాయిన తాళ్లెక్కేటోడు. కల్లు కుండల నడుమ పుట్టిన. గీ బస్టాండుల తాగినోళ్లు పడ్డ కాడ రోజు కడుగుత. ఈయన నోట్లకెళ్లి ఏ వాసన అస్తలేదు. రా, నువ్వే చూడు."

నేను చూడలేదు. నా ముక్కుతో చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది?

"మీ ఆయనది ఎడమచేతి వాటమా?" అని అడిగింది.

"కాదు."

"మరి పొద్దటి సంది నీళ్లు తాగుడు, చెమట తుడుసుకునుడు, అన్ని ఎడమచేత్తోనే చేస్తున్నడు. కుడిచెయ్యి ఒళ్లె ఎట్ల పడ్డదట్లనే ఉన్నది. తాగితే రెండు దిక్కుల తూలుతరక్కా. ఒక్క దిక్కే పోదు." చీపురు బెంచీకి ఆనించింది. "మా నాయిన తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. లేసి నడుసుకుంట ఇంటికి అచ్చిండు. ఏం గాలేదన్నడు. రెండోనాడు మాట ముద్ద ముద్దగ అచ్చింది. కల్లు ఎక్కువైందని మా అమ్మ తిట్టి పండుకోవెట్టింది. మూడోనాడు లేవలే. ఈయనకు నెత్తికి దెబ్బేమన్న తాకిందా?"

"లేదు," అన్నాను నేను.

ఆటోలో ఎక్కించుకుని ఆమె చెప్పిన దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ కూడా అదే అడిగింది. తలకు దెబ్బ తగిలిందా అని. లేదు అన్నాను మళ్లీ. ఆమె టార్చి వేసి కళ్లు చూసి, కుడిచెయ్యి ఎత్తమని చూసి, స్కానింగుకు పంపింది. ఆ గది బయట గోడకు ఆనుకుని నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. బొప్పి. పసుపు. సున్నం. ఇంకింత కిందికి తాకితే కన్ను పోయేది మాతా. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

డాక్టరమ్మ కంప్యూటరులో బొమ్మ చూపించింది. పుర్రెకూ మెదడుకూ నడుమ ఒక పక్కంతా నిండిపోయి ఉంది. "దెబ్బ తగిలిన రోజు చిన్న రక్తనాళం చిట్లింది. అప్పట్నుంచి కొంచెం కొంచెం రక్తం చేరుతూ వచ్చింది. మెదడును ఇటు నెట్టేసింది, చూడండి. అందుకే మాట పోయింది, కుడివైపు పడిపోయింది," అంది. ఎన్ని రోజులైందని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇరవై మూడు.

"దెబ్బ తాకినంక మంచిగనే ఉన్నడు గద మేడం. నవ్విండు. పనికి పోయిండు."

"అట్లాగే ఉంటారమ్మా. చాలామందికి వారం, పది రోజులు, నెల దాకా ఏమీ తెలియదు. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు బాగున్నాడా లేదా అని కాదు చూడాల్సింది. నెల్లాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి ఎక్కువవుతోందా, వాంతులా, మత్తుగా ఉన్నాడా, మాట తడబడుతోందా, నడక మారిందా..."

నడక. నడక నేను చూశాను మేడం. నాకంటే బాగా చూసేవాళ్లు లేరు. ఈ మాట పైకి అనలేదు.

తాగే అలవాటుందా అని కూడా అడిగింది. ఉండేదన్నాను. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు మెదడు కాస్త కుంచించుకుపోతుందట, లోపలి నాళాలు లాగినట్టయి చిన్న దెబ్బకే చిట్లుతాయట. నా మొహం చూసి, ఏదో అర్థమైనట్టు, "ఇప్పుడు తాగి ఇట్లా అయింది కాదమ్మా ఇది," అంది. ఎవరూ అడక్కుండానే ఆమె ఆ ఒక్క మాట ఎందుకు చెప్పిందో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే కరీంనగర్ పంపారు. తలకు రెండు రంధ్రాలు చేసి రక్తం తీశారు. సాంచాల్లో వాడి వాడి నల్లబడ్డ నూనె రంగులో ఉంది. ఇంకో రెండు మూడు రోజులైతే దక్కేవాడు కాదన్నారు. ముందే వస్తే పూర్తిగా మామూలు మనిషి అయ్యేవాడని కూడా అన్నారు. రెండు మాటలూ ఒకే డాక్టరు, ఒకే నిమిషంలో అన్నాడు.

బతికాడు. కుడికాలు ఈడుస్తాడు. కొన్ని పేర్లు నోటికి రావు. ఫిట్స్ రాకుండా రెండు పూటలా గోళీలు. పాతవన్నీ గుర్తున్నాయి, మా పెళ్లిలో ఎవరు అలిగారో కూడా. మాల వేసుకున్న రోజు గుర్తుంది. నాడె తగిలింది గుర్తులేదు. ఆ తర్వాతి ఇరవై మూడు రోజులు తుడిచేసినట్టు పోయాయి. పీఠంలో జరిగింది, నేను వదిలేసి పోయింది, మూడు ఫోన్లు, బస్టాండు, ఏదీ లేదు. అవన్నీ ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. మోయడానికి ఇంకో మనిషి లేడు.

సాంచాల చప్పుడు ఇప్పుడు పడదు. ముప్పై అయిదేళ్లు పడ్డ చప్పుడే, గోడ అవతల మొదలైతే చెవులు మూసుకుని వణుకుతాడు. సిరిసిల్లలో ఆ చప్పుడు లేని ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? తలుపులు వేసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కుతాను. ఎండాకాలం ఆ ఇంట్లో ఇద్దరం ఉడికిపోతాం. అప్పుడప్పుడు చిరాకు పడి చెంబు విసిరేస్తాడు. అప్పుడప్పుడు నేనే విసిరేస్తాను. అలిసిపోయాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆయన దుకాణం దాకా నడిచి వస్తుంటే కొత్తవాళ్లు, "పొద్దు పొద్దున్నే ఏసిండు," అంటారు. నేను ఊరుకోను. గల్లీ మొత్తం వినేట్టు అరుస్తాను, ఆయన తాగలేదని. ఇప్పుడు అరుస్తాను.

కార్ఖానాకు కూడా పోయాను. ఆసామి మంచివాడే, మా ఆయన్ని ఒక మాట అన్నందుకు కుమిలిపోయాడు. ఎనిమిది సాంచాలకూ కమ్మీలు బిగించాడు. నెల తిరక్కుండా పనివాళ్లు మళ్లీ ఊడదీసి గోడకు ఆనించారు. పోగు అందుతలేదక్కా, అన్నారు. వారానికొకసారి పోయి గుమ్మంలో నిలబడి చూసి వస్తాను. నన్ను చూసి ఉరికి కమ్మీలు తగిలిస్తారు. కమ్మీల అక్క అని పేరు కూడా పెట్టారు. ఎవరికైనా నాడె తాకితే, తాకిన మనిషి ఇంటికి పోయి ఆడవాళ్లతో చెప్తాను: నెల రోజులు చూడున్రి, నడక మారితే తాగిండనుకోకున్రి. కొందరు వింటారు. కొందరు చాయ్ పోసి పంపిస్తారు.

ఈ ఏడు మళ్లీ మాలల కాలం వచ్చింది. గల్లీ నిండా కాషాయం. వాళ్లను చూసినప్పుడల్లా ఆయన చెయ్యి మెడ మీదికి పోతోంది. రోజుకో రెండ్రోజులకో ఒకసారి అడిగేది రోజుకు నాలుగుసార్లు అయింది.

పోయిన వారం గురుస్వామి మా ఇంటికి వచ్చాడు. ఏడాదిలో మా గడప తొక్కడం అదే మొదలు. జోలెలోంచి గుడ్డలో చుట్టిన మాల తీశాడు. మా ఆయనదే. ఎవరికీ వేయకుండా దాచాడట. "సగంల ఆగింది స్వామీ. మంచిగున్నప్పుడు మళ్ల వేసుకుందువు," అని ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన మాలను ఎడమచేత్తో ఎత్తి చూసుకున్నాడు. "నాదే," అన్నాడు. "ఎవరు తీసిన్రు?"

గురుస్వామి నా వైపు చూశాడు. నేను చాట వైపు చూశాను. నేను రోజూ అరిచి చెప్పే జవాబు గల్లీలో అందరికీ తెలిసిందే. "దవాఖానల తీసిన్రట స్వామీ," అన్నాడు గురుస్వామి మెల్లగా. మాల మీదున్న మనిషి, పెద్దాయన, నాకోసం మంత్రం చదివే నోటితో అబద్ధమాడాడు. అది నేను పడలేకపోయాను.

"కాదు," అన్నాను. "నేను తీయించిన."

ఆయన నా నోటి వైపు చూస్తున్నాడు. చెవిటితనం ఇంకా ఉంది కదా. గట్టిగా చెప్పాను, గోడ అవతలికి వినబడితే వినబడనీ అని.

"నువ్వు తాగినవనుకున్న. ఇరవై మంది ముందట నీ మెడలకెళ్లి తీయించిన. నిన్ను ఇడిసిపెట్టి కోరుట్ల పోయిన. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలే."

ఆయన మాటలు వెతుక్కుంటున్నాడు. వెతుక్కోవడానికి ఆయనకు ఎంత సేపు పడుతుందో నాకిప్పుడు తెలుసు. ఆగాను.

"నేను తాగిన్నా?"

"తాగలే."

"మరి..." ఆగాడు. "మరి నేను చెప్పలేదా నీకు?"

"చెప్పినవ్," అన్నాను. "రోజు చెప్పినవ్. ఒట్టు పెట్టి చెప్పినవ్."

ఆయన తిట్టలేదు, చెంబు విసరలేదు. మాలను ఒళ్లో పెట్టుకుని ఒక్కో పూసా లెక్కపెడుతూ కూర్చున్నాడు. నడుమ లెక్క తప్పితే మళ్లీ మొదలుపెట్టాడు. గురుస్వామి ఎప్పుడు లేచి పోయాడో నేను చూడలేదు.

ఆ రోజు నా గుండె బరువు దిగిందనే అనుకున్నాను. ఏడాదిగా మోసింది ఒక్కసారికి దించేశాననుకున్నాను.

మర్నాడు పొద్దున నేను ఆకు కత్తిరిస్తున్నాను. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మేకుకు తగిలించిన మాల వైపు చూశాడు, మెడ తడుముకున్నాడు.

"నా మాల ఎవరు తీసిన్రే?"

దవాఖానలో తీశారు అంటే అయిపోయేది. ఆయన తల ఊపేవాడు. కాదని చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు అక్కడ.

కత్తెర కింద పెట్టాను. చాట పక్కకు జరిపి, ఆయనకు నా నోరు కనిపించేట్టు దగ్గరికి జరిగి కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.